పింగళి పెట్ట మాట ఇవ్వలేదు

ముందే చెబుతున్నాను పిల్లలూ, ఈ కథలో ఒకటి రెండు సంగతులు ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ పోవచ్చు. ఈ మధ్య నాకలా అవుతోంది. పాల సముద్రం ముందొస్తుందో, పెరుగు సముద్రం ముందొస్తుందో మీరే సర్దుకోండి. కోళ్ళ సంగతి మాత్రం ఎక్కడా తప్పదు.

అనగా అనగా కుంకుమపురిలో, కోడి కూయకముందే నిద్ర లేచే రాజు ఒకడు ఉండేవాడట. ఆయన పేరు చిత్రరథుడు. రాణి పేరు మలయవతి. వాళ్ళకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధీరసేనుడు. అతను కత్తి తిప్పితే గాలి రెండుగా తెగేది. రెండోవాడు శూరసేనుడు. అతను బాణం వేస్తే చెట్టు మీద పండు రాలేది గానీ తొడిమ కదిలేది కాదు. మూడోవాడు కేయూరుడు. అతను కోళ్ళను మేపేవాడు.

నవ్వకండి. నిజంగా కోళ్ళనే మేపేవాడు.

కోట వెనక పెరట్లో అతనికి మూడు పెట్టలుండేవి. నల్లగా నిగనిగలాడేది కాకిపెట్ట. ఎర్రగా ఉండేది డేగపెట్ట. తెల్లటి ఒంటిమీద అక్కడక్కడా నల్ల ఈకలున్నది పింగళి పెట్ట. మూడింటిలోకీ అదే పెద్దది. చిన్నప్పటినుంచీ వాటి దగ్గరే కూర్చునేసరికి కేయూరుడికి వాటి మాట వచ్చేసింది, పక్కింటి వాళ్ళ భాష మనకు వచ్చేసినట్టు.

"ఏరా కోళ్ళదొరా, ఇవాళ మీ కొలువులో ఏం తీర్మానించారు? నూకలా, తవుడా?" అని అన్నలు ఎగతాళి చేసేవారు.

"నూకలే అన్నయ్యా. తవుడు నీకు ఉంచమన్నాయి" అనేవాడు కేయూరుడు.

కోడి అంటే నూకలు తినే సాధుజీవి అని కోటలో అందరూ అనుకునేవారు. పెరట్లో కూర్చున్నవాడికి తెలుసు దాని అసలు సంగతి. కాకిపెట్ట కాలితో ఎండుటాకులు గీరి, కింద తేలు కనబడితే ముందు దాని కొండి విరిచేది, తరవాత గుటుక్కున మింగేది. డేగపెట్ట చిన్న కప్పని పట్టుకుని పెరడంతా పరిగెత్తేది, మిగతావి "నాకొక కాలు, నాకొక కాలు" అంటూ దాని వెంటపడేవి. పింగళి పెట్ట అయితే ఎలుకనే పట్టేది. ఒంటికాలు పైకెత్తి, మెడ చాచి, బొమ్మలా నిలబడేది. ఆ పైన ఎలుక ఉండేది కాదు.

ఇలా ఉండగా ఒకనాడు కోట వాకిట్లోకి బైరాగి ఒకడు వచ్చాడు. రాణి చేటలో బియ్యం పట్టుకొచ్చింది.

"బియ్యం వద్దు తల్లీ. నీ దగ్గర అన్నిటికంటే తియ్యనిది ఏదో అది పెట్టు" అన్నాడు బైరాగి.

రాణి నవ్వింది. "నా పిల్లల ముచ్చట్లకంటే తియ్యనివి నా దగ్గరేమున్నాయి స్వామీ!" అంది.

"అయితే అవే పట్టుకుపోతాను" అని అతను జోలెలోంచి చిన్న కుండ తీసి, మూత తెరిచి, మళ్ళీ మూసి, వెళ్ళిపోయాడు. వచ్చినవాడు బైరాగి కాదు. ఏడు సముద్రాల అవతల దీవిలో ఉండే ధూమకంఠుడనే మాంత్రికుడు.

కాసేపటికి కేయూరుడు పెరట్లోంచి గుడ్లు ఏరి, పై పంచెలో పోసుకుని తల్లి దగ్గరికొచ్చాడు. రాణి అతని ముఖంలోకి చూసింది.

"ఎవరు బాబూ నువ్వు? గుడ్లు అమ్మడానికి వచ్చావా?" అంది.

కేయూరుడు పంచె కొస వదిలేశాడు. గుడ్లన్నీ పగిలిపోయాయి.

ఆమె పెద్దవాణ్ణీ గుర్తుపట్టలేదు, రెండోవాణ్ణీ గుర్తుపట్టలేదు. ఆస్థాన జోస్యుడు గవ్వలు వేసి చెప్పాడు. "మహారాజా, ధూమకంఠుడికి తల్లీ లేదు, బాల్యమూ లేదు. అందుకని ఊళ్ళవాళ్ళ జ్ఞాపకాలు ఎత్తుకుపోయి, కుండల్లో దాచుకుని, రోజుకొక గుక్క తాగుతాడు. కుండ అడుగంటిందంటే ఆ జ్ఞాపకం ఇక ఎప్పటికీ రాదు."

"మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుంది. చిలక మెడ విరిస్తే సరి" అని ధీరసేనుడు కత్తి పట్టుకుని బయల్దేరాడు. తిరిగి రాలేదు. "అన్నకు చిలక దొరికి ఉండదు, నేను దూరంనుంచే కొడతాను" అని శూరసేనుడు విల్లు పట్టుకుని బయల్దేరాడు. తిరిగి రాలేదు. ఇక మిగిలింది కేయూరుడు.

అతను పెరట్లోకి వెళ్ళి చెప్పాడు. "నేను వెళుతున్నాను. మిమ్మల్ని వంటశాల అవ్వకి అప్పగిస్తాను."

"వంటశాల అవ్వకా! చక్కగా కూర వండుకుంటుంది" అంది కాకిపెట్ట.

పింగళి పెట్ట అప్పుడే గంపలో గడ్డి మీద గుడ్లు పొదుగుతోంది. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా గడ్డి కింద ఇనుప మేకు ఒకటి పెట్టి ఉంది. అది రెక్కలు కదలకుండా తలెత్తి అంది. "నాయనా, పొదిగే కోడిని లేపకూడదు, వదిలి వెళ్ళకూడదు. గంపతో సహా ఎత్తు. నీ తల్లి నిన్ను మరిచిపోయింది గానీ నేను నిన్ను మరిచిపోలేదు కదా."

"అక్క వెళితే మేమూ వస్తాం" అంది డేగపెట్ట. "దీవి అంటే చెత్తా చెదారం బాగా ఉంటుంది. గీరుకోవచ్చు."

అలా పడవలో ముందు గంప, గంప పక్కన రెండు పెట్టలు, వెనక తెడ్డు పట్టుకుని కేయూరుడు. ఉప్పు సముద్రం దాటారు. చెరుకు రసం సముద్రం దాటారు. కల్లు సముద్రం దాటుతుంటే డేగపెట్ట ఒక ముక్కుడు తాగి, తెల్లవార్లూ పుంజులా కూసింది. నేతి సముద్రంలో తెడ్డు జారింది. పెరుగు సముద్రంలో తెడ్డే కవ్వమై వెన్న తేలింది. పాల సముద్రం మీద ఉరుములు ఉరిమాయి. కేయూరుడు పై పంచె తీసి గంప మీద కప్పి, తాను తడిశాడు. మేకు తన పని తాను చేసింది, గుడ్లు మురగలేదు. చివరికి మంచినీళ్ళ సముద్రం కూడా దాటి దీవి చేరారు.

ఆ దీవిలో పిల్లి లేదు, పాము లేదు, ముంగిస లేదు. గుడ్లగూబ లేదు, గద్ద లేదు. కోర ఉన్నదాన్నీ, గోరు ఉన్నదాన్నీ ధూమకంఠుడు ఒక్కటి కూడా ఉంచలేదు. వాకిట్లో బంగారు పంజరంలో ఒక చిలక మాత్రం ఉంది. అది కేయూరుణ్ణి చూసి, "మళ్ళీ ఒకడొచ్చాడు" అంది నిట్టూర్చి.

తోటలో ఇద్దరు కావడి మోస్తూ కనబడ్డారు. ధీరసేనుడూ, శూరసేనుడూ!

"అన్నయ్యా!" అని పరిగెత్తాడు కేయూరుడు.

"ఎవరు బాబూ నువ్వు? పక్కకు తప్పుకో, బీరపాదులకి నీళ్ళు పొయ్యాలి" అన్నాడు పెద్దన్న.

అంట్లు తోముతున్న ఒక అమ్మాయి లేచి వచ్చింది. చూస్తే రాజుల బిడ్డలా ఉంది, చేతులకు బూడిద. ఆమె మెల్లగా అడిగింది. "వాళ్ళిద్దరూ ఆ పంజరం ముట్టుకున్నారు. ముట్టుకున్నవాళ్ళ జ్ఞాపకాలు కుండలోకి పోతాయి. అయ్యా, మీరు చాలా దూరం నుంచి వచ్చినట్టున్నారు. నా పేరేమిటో మీకేమైనా తెలుసా?"

"తెలియదమ్మా. తెలుసుకునే పని మీదే వచ్చాను" అన్నాడు కేయూరుడు.

ఇంతలో ధూమకంఠుడు వసారాలోకి వచ్చాడు. పంజరం వైపు కన్నెత్తి చూడకుండా నిలబడ్డ రాజకుమారుణ్ణి చూసి ఆశ్చర్యపోయాడు. "చిలక వద్దా నీకు?" అన్నాడు.

"వద్దండీ. మా అమ్మ కుండ ఒక్కటి ఇస్తే పోతాను."

మాంత్రికుడికి నవ్వొచ్చింది. "తెలివైనవాడివే. చిలకలో ప్రాణం పెట్టుకున్న పాతకాలపు మాంత్రికులందరూ రాజకుమారుల చేతుల్లోనే పోయారు. నేనంత వెర్రివాణ్ణి కాను. ఆ పక్షులేమిటి?"

"కోళ్ళు."

"ఏం తింటాయి?"

"నూకలు వేస్తే నూకలు తింటాయి" అన్నాడు కేయూరుడు. అబద్ధం కాదు కదా!

దీవిలో ఆ చిలక తప్ప పక్షిజాతి లేక ధూమకంఠుడు గుడ్డు రుచి చూసి ఎన్నాళ్ళో అయింది. కాకిపెట్ట అప్పుడే గుడ్డు పెట్టి ఊరంతా చాటింది. ఆ గుడ్డు చూసేసరికి అతనికి నోరూరింది. "సరే, ఉండనియ్యి. నువ్వు మూడు పనులు చెయ్యి. చేస్తే మీ అమ్మ కుండ నీది. ఏ ఒక్కటి తప్పినా నీ జ్ఞాపకాలు నావి. ఇంకో మాట, నా దీవిలో ఏ ప్రాణి మీదా నువ్వు చెయ్యి వెయ్యకూడదు."

"వెయ్యను. మాటిస్తున్నాను" అన్నాడు కేయూరుడు.

మొదటి రోజు ధూమకంఠుడు కట్టెల మోపులు చూపించాడు. "ఇవన్నీ పొద్దు వాలేలోగా ఆ చివరనుంచి ఈ చివరికి పేర్చు." ఆ మోపుల నిండా తేళ్ళు. కేయూరుడు ఒక్కొక్క కట్టె లేపుతుంటే కాకిపెట్ట ముందు నడిచింది. కొండి విరవడం, మింగడం. కొండి విరవడం, మింగడం. పొద్దు వాలేసరికి కట్టెలు ఈ చివర, తేళ్ళు కాకిపెట్ట పొట్టలో.

"కారంగా ఉన్నాయి. బాగున్నాయి" అంది కాకిపెట్ట.

ధూమకంఠుడు కేయూరుడి చేతులు తిప్పి తిప్పి చూశాడు. ఒక్క కాటు లేదు.

రెండో రోజు పాత పాక చూపించాడు. "దీని పైకప్పు తాటాకులన్నీ విప్పి పడెయ్యి." ఆ తాటాకుల నిండా జెర్రులు, మూరెడేసివి. కేయూరుడు ఆకు లాగడం, జెర్రి కింద పడడం, డేగపెట్ట అందుకోవడం. "ఇవి కాస్త సాగుతున్నాయి" అంటూనే తినేసింది. ఆకుల్లోంచి ఒక చిట్టెలుక దూకి గాదె వైపు పరిగెత్తింది. డేగపెట్ట జెర్రి వదిలేసి దాని వెంటపడింది. ముక్కు తోక దాకా వెళ్ళింది గానీ ఎలుక గాదె కింద కన్నంలోకి దూరింది.

సరిగ్గా అప్పుడే వసారాలో కూర్చుని ఉడికించిన గుడ్డు తింటున్న ధూమకంఠుడు గుండె పట్టుకుని పక్కకి ఒరిగిపోయాడు. ముఖమంతా చెమట. ఎలుక కన్నంలో దూరగానే తేరుకుని కూర్చున్నాడు. "గుడ్డు గొంతుకు అడ్డం పడింది" అన్నాడు.

కేయూరుడు పాక మీదనుంచి ఇదంతా చూశాడు. అంట్లు తోమే అమ్మాయిని అడిగాడు. "గాదె కింద కన్నంలో ఏముంటుంది?"

"ఏమో మరి. నా పేరు నాకు తెలియదు గానీ ఒకటి తెలుసు. రోజూ ఆయన తినకముందే ఆ కన్నం దగ్గర పాలన్నం ముద్ద పెట్టి వస్తాడు."

చిలకలో వద్దని, ఎవరూ కన్నెత్తి చూడని చిట్టెలుకలో ప్రాణం దాచుకున్నాడన్నమాట! పిల్లికీ పాముకీ భయపడ్డాడు, గద్దకీ గుడ్లగూబకీ భయపడ్డాడు, గుడ్డుకి ఆశపడ్డాడు.

ఆ సాయంత్రమే గంపలోంచి కిచకిచలు వినబడ్డాయి. పింగళి పెట్ట రెక్కల కిందనుంచి ఒక్కొక్క పిల్లా తల బయటపెట్టి లోకాన్ని చూసింది.

మూడో రోజు ధూమకంఠుడు గాదె ముందు వడ్లు ఎండబోయించాడు. లోలోపల నవ్వుకుంటున్నాడు. "సాయంత్రం దాకా కాపు కాయి. ఒక్క గింజ తగ్గినా పని తప్పినట్టే." కోళ్ళున్నవాడు వడ్లకు కాపలా ఏం కాస్తాడు, తన కోళ్ళే తనకు శత్రువులవుతాయని అతని ఎత్తు.

కేయూరుడు కోళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఇవాళ ఒక్క గింజ ముట్టకూడదు. మా అమ్మ నన్ను గుర్తుపట్టాలి. నేనూ మిమ్మల్ని మరిచిపోకూడదు."

"తేళ్ళు తిన్న నోటికి వడ్లు చప్పగా ఉంటాయిలే" అంది కాకిపెట్ట.

"నాకు కడుపులో చోటు లేదు" అంది డేగపెట్ట.

పింగళి పెట్ట ఏమీ అనలేదు. మూడు వారాలుగా అది సరిగ్గా తినలేదు. ఇప్పుడు వెనక పిల్లలున్నాయి. అది వడ్ల వైపు చూడలేదు, గాదె కింద కన్నం వైపు చూసింది.

ఎండ ఎక్కింది. ధూమకంఠుడు వసారాలో మంచం మీద వాలి, రాణి కుండ ఒళ్ళో పెట్టుకున్నాడు, తాగడానికి. గాదె కిందనుంచి చిట్టెలుక ముక్కు బయటపెట్టింది. రోజూ పాలన్నం దొరికినా ఎలుక ఎలుకే. ఎండిన వడ్ల వాసనకు ఆగలేకపోయింది. ఒక అడుగు వేసింది. మరో అడుగు వేసింది. మూడో అడుగు వేసి ఒక గింజ పట్టుకుంది.

పింగళి పెట్ట ఒంటికాలు పైకెత్తింది. మెడ చాచింది. బొమ్మలా నిలబడింది.

ఆ పైన ఎలుక దాని ముక్కున ఉంది!

ధూమకంఠుడు మంచం మీదనుంచి దభాలున కింద పడ్డాడు. పింగళి పెట్ట పరుగు. "నాకొక కాలు ఇవ్వవే అక్కా!" అని కాకిపెట్ట దాని వెనక. "కడుపులో కొంచెం చోటుందే!" అని డేగపెట్ట ఆ వెనక. కోడి ఎటు పరిగెడితే మాంత్రికుడు అటు దొర్లాడు. పంజరంలో చిలక రెక్కలు కొట్టుకుని, "పోనీ ఇన్నాళ్ళకి నా మీద పడకుండా ఒకడొచ్చాడు" అంది.

వేరే కోడి అయితే అప్పుడే మింగేసేది. మాంత్రికుడు చచ్చేవాడు, కుండల మూతలు విప్పే మంత్రం అతనితోనే పోయేది. కానీ పిల్లల తల్లి ముందు తాను తినదు. పింగళి పెట్ట ఆగి, ఎలుకను పిల్లల ముందు పెట్టి, "టుక్ టుక్ టుక్, రండర్రా" అని పిలిచింది. ఎలుక లేవబోయింది. మళ్ళీ ముక్కున పట్టి ఎత్తింది. మళ్ళీ కింద పెట్టింది. ఎత్తినప్పుడల్లా ధూమకంఠుడికి ఊపిరి ఆగింది, పెట్టినప్పుడల్లా వచ్చింది.

"బాబూ! దాన్ని ఆపు!" అన్నాడు ఊపిరి వచ్చినప్పుడు.

"కుండల మూతలు విప్పండి" అన్నాడు కేయూరుడు.

"మీ అమ్మది ఒక్కటీ..."

పింగళి పెట్ట ఎలుకను ఎత్తింది.

"అన్నీ! అన్నీ!" అని మాంత్రికుడు మంత్రం చదివాడు.

మంచం పక్కకు దొర్లిన రాణి కుండ మూతా, ఇల్లంతా వేలాడుతున్న ఉట్లలోని కుండల మూతలూ టపటపా ఎగిరిపోయాయి. వేడి పాల వాసన, తడి మట్టి వాసన, నలుగు పిండి వాసన, ఎవరెవరి ఇళ్ళ వాసనలో గుప్పున లేచి, ఎవరివి వాళ్ళ దిక్కుకు గాలిలో పోయాయి. ధీరసేనుడు కావడి కింద పెట్టి, "ఒరే కోళ్ళదొరా, నువ్వెప్పుడొచ్చావురా!" అన్నాడు. శూరసేనుడు తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చేశాడు. అంట్లు తోమే అమ్మాయి బూడిద చేతులతోనే చప్పట్లు కొట్టింది. "హేమలేఖ! నా పేరు హేమలేఖ! మాది కలువనగరం!"

"ఇక వదలమను. నా దీవిలో ఏ ప్రాణి మీదా చెయ్యి వెయ్యనని మాటిచ్చావు" అన్నాడు ధూమకంఠుడు నేల మీదనుంచి.

మాట మాటే. కేయూరుడు పింగళి పెట్టతో అన్నాడు. "వదిలెయ్యి అమ్మా. నేను మాటిచ్చాను."

పింగళి పెట్ట ఎలుక మీద ఒక కాలు ఉంచి తలెత్తింది.

"నువ్వు మాటిచ్చావు నాయనా, నిలబెట్టుకో. నువ్వు చెయ్యి వెయ్యకు. నేనివ్వలేదు. నువ్వు మీ అమ్మ కోసం వచ్చావు. నా వెనక ఉన్నవాళ్ళకి నేనే అమ్మని. వాళ్ళు పుట్టాక ఇదే మొదటి భోజనం."

"టుక్ టుక్ టుక్" అంది. ముక్కలు చేసి పిల్లల ముందు వేసింది. అన్నిటికంటే చిన్న పిల్ల తోక ముక్కున పట్టుకుని పరిగెత్తింది, మిగతావి "నాకొక కొస, నాకొక కొస" అని దాని వెంటపడ్డాయి. వసారాలో ధూమకంఠుడు ఉన్నచోట కాస్త పొగ లేచి, గాలికి పోయింది. అరిచింది లేదు, మెరిసింది లేదు.

హేమలేఖ పంజరం తలుపు తీసింది. చిలక గడప మీద కూర్చుని ఈకలు దువ్వుకుని, ఆకాశంలోకి పోయింది. కేయూరుడు ఎండబోసిన వడ్లు గాదెలోకి ఎత్తి, పని పూర్తిచేసి మరీ పడవెక్కాడు. ఏడు సముద్రాలు వెనక్కి దాటారు. కల్లు సముద్రం దగ్గర డేగపెట్టని గంప కింద మూశారు.

మలయవతి రేవు దాకా ఎదురొచ్చింది. "ధీరా! శూరా!" అని పెద్దవాళ్ళిద్దరినీ దగ్గరకు తీసుకుంది. "కేయూరా, అలా తడి బట్టలతో నిలబడతావేమిరా!" అంది. పాల సముద్రం మీద కురిసిన వానలో ఆ బట్టలు ఎప్పుడో తడిసి, ఎప్పుడో ఆరిపోయాయి. అయినా కేయూరుడు అవునమ్మా అన్నాడు.

రాణికి అన్నీ గుర్తొచ్చాయి. మాంత్రికుడు అప్పటికే తాగేసిన గుక్కలు మాత్రం రాలేదు. "నా చిన్నవాడు మొదటి అడుగు ఎప్పుడు వేశాడు? ఎంత తలుచుకున్నా అక్కడ చీకటిగా ఉంది" అని బెంగపడింది. అప్పుడు పెద్దన్నలిద్దరూ ఆమెకు చెరోవైపు కూర్చుని చెప్పారు.

"నువ్వు పెరట్లో తులసికి నీళ్ళు పోస్తున్నావమ్మా" అన్నాడు ధీరసేనుడు.

"వీడు మట్టిలో కూర్చున్నాడు. పింగళి పెట్ట తల్లి ఉండేదే, ఆ ముసలి పెట్ట, అది ఏదో ముక్కున కరుచుకుని పరిగెత్తింది. వీడు దాని వెంట లేచాడు. ఒక అడుగు, రెండడుగులు, మూడో అడుగుకి పడ్డాడు" అన్నాడు శూరసేనుడు.

"మీకిద్దరికీ బాగా గుర్తుందే!" అంది రాణి. ఆ రోజు నుంచి అది ఆమెకు కూడా గుర్తే.

కేయూరుడికీ హేమలేఖకీ పెళ్ళయింది. కలువనగరం రాజుకు కొడుకుల్లేరు కనుక ఆ రాజ్యం కేయూరుడిదే అయింది. పెళ్ళి ఊరేగింపులో ఏనుగుల ముందు మూడు పెట్టలూ, పిల్లలూ నడిచాయి. దారిలో మిడత కనబడితే ఊరేగింపంతా ఆగి, అవి పట్టుకునేదాకా నిలబడింది. అతని ఏలుబడిలో తేలు కుట్టిందన్న మాట వినబడలేదు. మనవలు పుట్టేదాకా, ఆ మనవలు పెరట్లో అడుగులు నేర్చేదాకా వాళ్ళు చల్లగా ఏలారు.

కథ గంప కిందికి చేరింది. మీరు దుప్పట్ల కిందికి చేరండి.

శేషారత్నం, ఇది పిల్లలకు చదివే ముందు పేర్లు ఒకసారి చూసిపెట్టు తల్లీ. రాణి మలయవతే కదా, చివర్లో ఇంకేదైనా రాశానా? ఆ అమ్మాయిది కలువనగరమేనా, మీ అమ్మ చెప్పినప్పుడు ఇంకో పేరు ఉండేదా? నీకు గుర్తున్నట్టే దిద్దు. కోళ్ళ పేర్లు మాత్రం దిద్దకు. అవి సరిగ్గానే ఉన్నాయి.